సినిమా కబుర్లు తెలుగులో, రాత ఇంగ్లీషులో

రాష్ట్రం బయట తెలుగు చదువు గురించి జరిగే చర్చంతా టైంటేబుల్ చుట్టూనే తిరుగుతోంది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున ఎక్కుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. అప్పటి నుంచి మన తల్లిదండ్రులకు కోర్టు మెట్లు తప్పలేదు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏడాది పదో తరగతి పరీక్షకు తమిళం పేపరు నుంచి భాషా మైనారిటీ పిల్లలకు మినహాయింపు పొడిగించింది. మహారాష్ట్రలో ఒకటో తరగతి నుంచి హిందీ అంటూ 2025లో వచ్చిన ఉత్తర్వులు జూన్ నెలాఖరుకు వెనక్కి పోయాయి. ఏ భాషకు ఎన్ని పీరియడ్లు, ఏ పేపరుకు ఎన్ని మార్కులు అన్న ఈ పోరాటాలు అవసరమే. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతున్నా, గట్టిగా అడగనిదే అదీ దక్కడం లేదు.

కానీ ఎవరూ చెప్పకుండా, మార్కులేవీ లేకుండా మన పిల్లలు రోజూ తెలుగు రాస్తున్న చోటు ఒకటుంది. అది స్నేహితుల వాట్సాప్ గ్రూపు. ట్రైలర్ వచ్చిన రోజున, సినిమా విడుదలైన శుక్రవారం నాడు అక్కడ సాగే కబుర్లు చూడండి. ఇంటర్వెల్ సీను ఎలా ఉంది, ఏ పాట బాగుంది, ఫలానా డైలాగ్ ఎందుకు పేలింది, అంతా తెలుగే. అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి.

ఈ ఉత్సాహాన్ని మనం తేలిగ్గా తీసిపారేస్తాం. సినిమా పిచ్చి అని ఒక్క మాటలో ముగిస్తాం. బయటి రాష్ట్రాల్లో పెరిగే తెలుగు పిల్లకు ఆ పిచ్చి ఇచ్చేదేమిటో ఆలోచించం. బడిలో ఇంటి భాషను దాచుకునే పిల్లలు మన పాఠశాలల్లో కొత్త కాదు. పేరు పిలవగానే యాసను బట్టి ఎవరో నవ్వుతారన్న బెరుకు అది. 2015లో బాహుబలి వచ్చాక, 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చాక ఆ లెక్క కొంత మారింది. పక్క బెంచీలోని కన్నడ పిల్లో, మరాఠీ పిల్లాడో ఈ మాటకు అర్థమేమిటని అడిగితే చెప్పగలిగేది మన పిల్లలే. తమ భాష తెలిసి ఉండటం ఓ గొప్ప అని వాళ్లకు తరగతి గదిలో కాకుండా సినిమా కబుర్లలో తెలిసింది. టీచర్లుగా మనకు ఇది కాస్త చివుక్కుమనిపించే సంగతే, అయినా నిజం.

అయితే ఈ గొప్పకు అడుగున పునాది పలచగా ఉంది. 'ఆర్ఆర్ఆర్' 2022లో ఇళ్లకు చేరినప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో దొరికింది హిందీ అనువాదమే. తెలుగు మాతృక కావాలంటే జీ5కి వెళ్లాలి. షోలాపూర్‌లోనో బరంపురంలోనో ఉన్న కుటుంబం రెండు చందాలు కట్టదు కదా. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే పిల్లలు తెలుగు సినిమాను హిందీలో చూసి, దాని గురించి స్నేహితులతో మళ్లీ తెలుగులో మాట్లాడుకున్నారు! పాటల సంగతి ఇంకా విచిత్రం. యూట్యూబ్‌లో వచ్చే లిరికల్ వీడియోల్లో చాలావాటిలో తెలుగు పాట సాహిత్యం ఇంగ్లీషు అక్షరాల్లో కదులుతుంటుంది. పోస్టరు మీద సినిమా పేరుదీ చాలాసార్లు అదే దారి. తెలుగును తెలుగు లిపిలో చూపించే తీరిక పరిశ్రమకే లేనప్పుడు పన్నెండేళ్ల పిల్లాణ్ని తప్పుపట్టి లాభం లేదు.

పాట కింద అదే భాషలో, అదే లిపిలో అక్షరాలు వేయడం ఎంత పనికొస్తుందో మన దేశంలోనే పరీక్షించి చూశారు. అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారీ 1996లో మొదలుపెట్టిన ఆ ఆలోచన తర్వాత దూరదర్శన్ చిత్రహార్ దాకా వెళ్లింది. నోటికి వచ్చిన పాటను కంటితో చూస్తుంటే చదవడం దానంతటదే అలవాటవుతుందన్నది అందులోని కిటుకు. మన పిల్లలకు ఆ మేలే అందడం లేదు.

ఇంగ్లీషు అక్షరాలతో వచ్చే నష్టం కేవలం అభిమానానికి సంబంధించింది కాదు. ఆ రాతలో కల, కళ రెండూ ఒకటే. పిల్లలు తొందరలో దీర్ఘాలు కూడా ఎగరేస్తారు కాబట్టి పాట, పట మధ్య తేడా కూడా పోతుంది. సినిమా కబుర్లకు అది చాలు, ఎదుటివాడికి సందర్భం తెలుసు. పుస్తకానికి చాలదు. సినిమా ఉత్సాహం పంచుకోవడానికి లిపి రానక్కర్లేదు. పుస్తకం ఉత్సాహం పంచుకోవాలంటే లిపి రావాలి. అందుకే ఈ గ్రూపుల్లో తెలుగు సినిమా ఉంది, తెలుగు పుస్తకం లేదు. మన పిల్లలు పుస్తకాల గురించి మాట్లాడరని కాదు, మాట్లాడేది ఇంగ్లీషు పుస్తకాల గురించి. తమిళనాడులోనైతే 2022లో మణిరత్నం సినిమా వచ్చాక కల్కి నవల 'పొన్నియిన్ సెల్వన్' కొత్త తరం చేతుల్లోకి వచ్చింది. సినిమా చూసిన పిల్లలు వందియదేవన్ నవలలో ఎలా ఉన్నాడో వెతుక్కున్నారు. ఆ కబుర్లలో తమిళం చదవగలిగిన తెలుగు పిల్లలూ ఉన్నారు. తెలుగులో అలాంటి వంతెనలు లేకపోలేదు. సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి నవల 'కొండపొలం' 2021లో సినిమా అయింది. దాన్ని చూసినవాళ్లలో నవల పట్టుకున్న పిల్లలెందరు?

ఒకప్పుడు ఈ రెండూ ఒకే ఇంట పుట్టాయి. 1947 జూలైలో మద్రాసులో చందమామ తెలుగు, తమిళాల్లో కలిసే మొదలైంది. కన్నడ, మరాఠీ, ఒడియా భాషలకు తర్వాత విస్తరించింది. ఇవాళ ఈ పేజీ చదివేవారి రాష్ట్రాల భాషలే అవన్నీ. దాన్ని నడిపిన నాగిరెడ్డి, చక్రపాణులే విజయా సంస్థ అధిపతులు. 1957లో 'మాయాబజార్'ను తెలుగులో, తమిళంలో తీసిందీ వారే. వెండితెర మీద ఘటోత్కచుణ్ని చూసిన పిల్లలకు ఇంటికెళ్లాక చదువుకోవడానికి మరో పురాణ కథ సిద్ధంగా ఉండేది. ఇప్పుడు చందమామ లేదు. కబుర్లు పత్రిక పేజీ నుంచి ఫోను తెరకు మారాయి.

మనం ఫోనుకు వకాల్తా పుచ్చుకోవడం లేదు. అభిమానుల తిట్ల యుద్ధాలు, దొంగ ప్రింట్ల లింకులు ఆ గ్రూపుల్లోనే తిరుగుతాయి. 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కగట్టి, వారి వివరాల వాడకానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. చిన్న తరగతులకైతే తల్లిదండ్రుల నంబర్లతో టీచరు నడిపే గ్రూపు చాలు. పిల్ల అమ్మ ఫోనులో రాస్తుంది.

రాయాల్సింది ఏమిటంటే, ఆ వారం చూసిన సినిమా గురించి నాలుగు వాక్యాలు, తెలుగు లిపిలో. ఫోన్లలో తెలుగు కీబోర్డు ఉచితంగానే దొరుకుతుంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే సదుపాయం కూడా ఉంది కాబట్టి అలవాటైన వేళ్లకు కొత్త కష్టమేమీ లేదు. అయితే అది చూపించే నాలుగైదు రూపాల్లోంచి కల కావాలో కళ కావాలో పిల్లలే ఎంచుకోవాలి. వ్యాకరణం పీరియడులో చెప్పించలేని తేడాను ఆ ఎంపిక చెప్పిస్తుంది. ఈ వాక్యాలకు ఎర్రసిరా పెట్టొద్దు. తప్పులు దిద్దితే మళ్లీ ఇంగ్లీషు అక్షరాలకే పోతారు, ఖాయం.

పుస్తకాన్ని ఆ తర్వాత తేవచ్చు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. చాలా కథలు కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియాల్లోనూ ఉన్నాయి కనుక, తెలుగు లిపి ఇంకా తడబడే పిల్లలు రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు. పై తరగతులకు స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' ఇచ్చి చూడండి. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న తెలుగు అది, పాఠ్యపుస్తకం తెలుగు కాదు. తమ ఇంటి యాస అచ్చులో చూస్తే సరిహద్దు ఊళ్ల పిల్లల మొహాలు వేరుగా ఉంటాయి. పులికాట్ పిల్లలకు నచ్చినంతగా బళ్లారి పిల్లలకు నచ్చకపోవచ్చు. వాళ్లకు వాళ్ల ఊరి కథ కావాలి. చుట్టూ తెలుగే ఉన్న యానాంలో ఈ అవస్థ తక్కువ కానీ, అక్కడి ఫోన్లలో కూడా రాత ఇంగ్లీషు అక్షరాలదే.

వేసవి సెలవులకు ముందు దీన్ని మొదలుపెడితే మేలు. సినిమాలు ఎక్కువ చూసేది ఆ రెండు నెలల్లోనే, బడిలో తెలుగు పీరియడు లేని రెండు నెలలు కూడా అవే.