చావు అడిగినవారికి ఏం జవాబు చెబుదాం?

2016లో చిత్తూరు జిల్లాకు చెందిన ఒక జంట తమ పాపకు కారుణ్య మరణం ప్రసాదించమని తంబళ్లపల్లె కోర్టు మెట్లెక్కింది. పాపకు ఏడాది కూడా నిండలేదు. కాలేయం పాడైపోయింది. మార్పిడి చేస్తే తప్ప బతకదన్నారు, దానికి లక్షలు కావాలి. అంత సొమ్ము వాళ్ల దగ్గర లేదు. ఈ అర్జీ తన పరిధిలోకి రాదని కోర్టు చెప్పింది. వార్త పత్రికలకెక్కాక రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు భరించడానికి ముందుకొచ్చింది. తండ్రి తన కాలేయంలో కొంత భాగం ఇచ్చాడు. చెన్నైలో ఆపరేషన్ జరిగింది.

చావు ఇప్పించమన్న కాగితం మీద అసలు అడిగింది వైద్యం. నిజమే, చివరి దశ రోగికి డాక్టరు సాయంతో మరణం అన్న చర్చలోకి ఆ పాప కేసు నేరుగా రాదు. ఆమె జబ్బుకు మందుంది, కోరిక ఆమెది కాదు. అయినా ఈ చర్చ వచ్చినప్పుడల్లా నేను ముందు ఆ అర్జీనే తలుచుకుంటాను. మన దగ్గర ‘చావనివ్వండి’ అనే మాట వెనక ఏముందో తెలుసుకోకుండా ఆ మాటకు చట్టం చేయడం ఎంత ప్రమాదమో అది చెబుతుంది.

ముందు ఒక చిక్కు విప్పాలి. మన పత్రికలు మూడు వేర్వేరు పనులను ‘కారుణ్య మరణం’ అనే ఒకే గాటన కట్టేస్తున్నాయి. ఫలితం లేదని తేలాక వెంటిలేటర్ తీసేయడం ఒకటి. డాక్టరే ఇంజెక్షన్ ఇవ్వడం రెండోది. స్పృహలో ఉండి, ఆలోచించి నిర్ణయం తీసుకోగల రోగికి డాక్టరు మందు రాసిస్తే రోగి తన చేత్తో తానే మింగడం మూడోది. మొదటిది మన దేశంలో షరతులతో చట్టబద్ధం. మిగతా రెండూ నేరాలు. మందు రాసిచ్చిన డాక్టరు మీద భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ కింద ఆత్మహత్యకు ప్రేరేపించిన కేసు పెట్టవచ్చు, పదేళ్ల దాకా జైలు పడవచ్చు.

ఆ మూడోదానికి అమెరికాలో అందరికంటే పాత అనుభవం ఓరెగాన్ రాష్ట్రానిది. 1994లో ఓటర్లు ఆమోదించిన చట్టం అక్కడ 1997 నుంచి అమల్లో ఉంది. ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు నిర్ధారించాలి. రోగి నోటితో రెండుసార్లు, రాతపూర్వకంగా ఒకసారి అడగాలి. మందు రాయించుకున్నవారిలో దాదాపు మూడోవంతు మంది దాన్ని వాడకుండానే కన్నుమూస్తారు. భరించలేని రోజు వస్తే మందు చేతిలో ఉందన్న ధైర్యమే వాళ్లలో కొందరికైనా చాలి ఉంటుంది. ఎందుకు కోరారని చూస్తే అక్కడి రికార్డుల్లో నొప్పిది ముందు వరస కాదు. తమ పనులు తాము చేసుకోలేకపోవడం, ఇష్టమైనవాటికి దూరం కావడం, మర్యాద పోవడం, ఇవే ఎక్కువమంది చెప్పిన కారణాలు. కాబట్టి ‘నొప్పి తగ్గిస్తే చాలు, ఈ కోరికే పుట్టదు’ అనే వాదన పూర్తిగా నిలవదు. ఈ చట్టాన్ని వ్యతిరేకించేవాళ్లు దీన్ని ఒప్పుకుని తీరాలి.

అయితే ఇంకో సంగతి కూడా ఉంది. అలా కోరినవారిలో పదిమందిలో తొమ్మిదిమంది అప్పటికే చివరి దశ రోగులకిచ్చే హాస్పిస్ సేవలు పొందుతున్నవారు. వాళ్ల నొప్పికి మందు అందుతోంది, ఇంటికి నర్సు వస్తోంది, మాట్లాడే మనిషి ఉన్నాడు. ఇవన్నీ ఉన్నా చాలనుకున్నవారి నిర్ణయం అది. ఏదీ అందక చాలనుకోవడం వేరు.

కెనడాలో 2016లో చట్టం వచ్చినప్పుడు మరణం దగ్గరపడినవారికే అన్నారు. 2021కల్లా ఆ గీత చెరిగిపోయింది, నయంకాని బాధ ఉంటే చాలన్నారు. 2023లో 15,343 మంది ఆ దారిన వెళ్లారు. ఆ ఏడాది మరణాల్లో అది 4.7 శాతం. వికలాంగుల సంఘాలు భయపడుతున్నది అందుకే. ఓరెగాన్‌లో మాత్రం పాతికేళ్లు దాటినా ఆరు నెలల గీత చెక్కుచెదరలేదు. అందువల్ల ఒకసారి తలుపు తెరిస్తే జారుడే అనడం తొందరపాటు. చట్టం ఏ పునాది మీద లేస్తుందన్నదే ముఖ్యం. బాధే అర్హత అయితే చనిపోబోయేవారికే ఎందుకు పరిమితం చేయాలన్న ప్రశ్న వచ్చి తీరుతుంది, దానికి తర్కంలో జవాబు దొరకదు. ఆధునిక హాస్పిస్ ఉద్యమం 1967లో లండన్‌లో పుట్టింది. అదే బ్రిటన్‌లో 2025 జూన్ 20న కామన్స్ సభ ఇలాంటి బిల్లును 314–291 ఓట్లతో ఆమోదించింది. సేవలు బాగా ఉన్న దేశం కూడా దాదాపు సగానికి సగం చీలింది.

మన దగ్గరికొస్తే, హైదరాబాద్ వెంకటేశ్‌ను దాటుకుని ఈ వ్యాసం రాయలేను. కండరాలను తినేసే డషెన్ మస్కులర్ డిస్ట్రఫీ జబ్బుతో మంచాన పడిన చదరంగం ఆటగాడాయన. 2004లో, పాతికేళ్ల వయసులో, ఇన్ఫెక్షన్ సోకి అవయవాలు పాడవకముందే తనను పోనిచ్చి వాటిని ఇతరులకు ఇమ్మని కోరాడు. తల్లి సుజాత ఆ కోరిక వెంట నిలబడి హైకోర్టు దాకా వెళ్లింది. బ్రెయిన్ డెడ్ అయ్యాక తప్ప అవయవాలు తీసుకోవడానికి 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ఒప్పుకోదు. కోర్టు కాదంది. ఆ డిసెంబర్‌లోనే ఆయన చనిపోయాడు. 2022లో రేవతి తీసిన ‘సలాం వెంకీ’ ఆయన కథే.

ఆ కోరికలో అప్పుల ఒత్తిడి లేదు, వదిలించుకోవాలన్న బంధువు లేడు, తెలియనితనం లేదు. అతనికి ‘కాదు’ అని చెప్పగల నైతిక వాదన నా దగ్గర లేదు. కానీ చట్టం ఒక్క వెంకటేశ్ కోసం రాసేది కాదు. అదే తలుపు ముందు రేపు నిలబడేది మూడో విడత కీమోకి పొలం అమ్మిన రైతు, కొడుకు దగ్గరా కూతురు దగ్గరా నెలల లెక్కన వంతులేసుకుని ఉంటున్న తల్లి.

ఆ తల్లి ఏమంటుందో మన ఇళ్లలో అందరం విన్నదే. బిల్లు కట్టొచ్చి కొడుకు మంచం పక్కన కూర్చోగానే ‘ఇంక నా మీద డబ్బు తగలెయ్యకు నాయనా, ఆ దేవుడు తీసుకుపోతే బాగుణ్ణు’ అంటుంది. ఆ మాటలో అలసట ఉంది, ప్రేమ ఉంది, ‘కాదమ్మా, నువ్వుండాలి’ అని అనిపించుకోవాలన్న ఆశ కూడా ఉంది. దాన్ని కాగితం మీద పెట్టి వేలిముద్ర వేయిస్తే చట్టానికి అది స్వచ్ఛందమైన కోరిక. ఇద్దరు డాక్టర్లు పరీక్షించినా ఆమె స్పృహలో ఉందని, అర్థమయ్యే మాట్లాడుతోందని చెప్పగలరు. భారం కాకూడదన్న తపన ఎంత, నిజంగా వెళ్లిపోవాలన్న నిశ్చయం ఎంత అన్నది ఎవరు తూకం వేస్తారు?

పైగా ఆ డాక్టర్లను మన జనం నమ్మాలి కదా. శవానికి వైద్యం చేస్తున్నట్టు నటించి బిల్లు గుంజే ‘ఠాగూర్’ సినిమా సన్నివేశాన్ని ఇరవై ఏళ్లు దాటినా ఎవరూ మరచిపోలేదు. ఎందరో మంచి డాక్టర్లకు అది అన్యాయమే. కానీ చికిత్స చేస్తామంటేనే అనుమానించే చోట, చనిపోవడానికి మందు రాసే అధికారాన్ని వాళ్ల చేతికి ఇవ్వడం ఇద్దరికీ మేలు చేయదు.

చికిత్స మానుకోవడం వేరే సంగతి. నా ఒంటి మీద గొట్టం వద్దనే హక్కు నాది. దానివల్ల డాక్టరుకు కొత్త అధికారమేదీ దఖలు పడదు. 1982 నవంబరులో వినోబా భావే అన్నం, మందు మానేసి వెళ్లిపోయారు. మరణందాకా ఉపవాసముండే జైనుల సల్లేఖన వ్రతం నేరమని 2015లో రాజస్థాన్ హైకోర్టు అంటే, అదే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. ఫలితం ఒకటే అయినప్పుడు మానుకోవడానికీ మందు మింగడానికీ తేడా ఏమిటని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. వదిలేస్తే చంపేది జబ్బు, రాసిస్తే చంపేది మందు. ఆ గీత సన్ననిదే అయినా, వైద్యుడి చేతిని ఎక్కడ ఆపాలో చెప్పడానికి ఈ దేశంలో నాకు అంతకంటే గట్టిది కనబడలేదు.

సుప్రీంకోర్టు కూడా ఆ గీత మీదే నడిచింది. జీవించే హక్కులో చనిపోయే హక్కు లేదని 1996లో గ్యాన్ కౌర్ కేసులో చెప్పింది. 1973లో దాడికి గురై, ముంబయి కేఈఎం ఆస్పత్రిలో దశాబ్దాలపాటు అచేతనంగా పడివున్న నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో చికిత్స ఉపసంహరించే పాసివ్ పద్ధతికి తొలిసారి దారి తెరిచింది. 2018 మార్చి 9న రాజ్యాంగ ధర్మాసనం మర్యాదగా మరణించడం 21వ అధికరణంలో భాగమేనంటూ, ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే లివింగ్ విల్‌ను గుర్తించింది. ఆ విధానం మరీ జటిలంగా ఉందని 2023 జనవరిలో సడలించింది. జ్యుడిషియల్ మేజిస్ట్రేట్ బదులు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలంది. ఆస్పత్రిలో రెండు బోర్డులు వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలంది.

ఇదంతా తీర్పుల్లోని మాట. ఊళ్లలో జరిగేది వేరు. సొమ్ము అయిపోయిన రోజున ‘ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అంటారు. డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని బంధువు సంతకం పెడతాడు. వెంటిలేటర్ తీసి గొట్టానికి ఆంబు బ్యాగు తగిలిస్తారు. అంబులెన్సులో ఊరిదాకా ఒకరు దాన్ని పిసుకుతూ కూర్చుంటారు. ఇంటి ముందు దించాక గొట్టం లాగేస్తారు, తులసితీర్థం పోస్తారు. ఆయాసం తెలియకుండా ఉండటానికి మార్ఫిన్ ఇచ్చే నాథుడు ఉండడు. ఊపిరాడక ఆ మనిషి గంటల తరబడి కొట్టుకుంటాడు. ఈ దేశంలో చికిత్స ఉపసంహరణ ఎక్కువగా జరిగేది ఇలాగే. దీన్ని ఏ బోర్డూ చూడదు, ఏ నైతిక చర్చా లెక్కలోకి తీసుకోదు.

ఆ మార్ఫిన్‌కు మూలమైన నల్లమందు గసాలను చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాల్లో మనదొకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో పండుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల భయపడి చాలా ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో సవరించి లైసెన్సుల చిక్కు తగ్గించినా భయం పూర్తిగా పోలేదు. నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ అవసరమైనవారిలో ప్రపంచం మొత్తమ్మీద 14 శాతానికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కేరళ మాత్రం 1993లో కోజికోడ్‌లో ఒక చిన్న క్లినిక్‌తో మొదలుపెట్టి, 2008కల్లా ప్రభుత్వ విధానంగా మార్చి, ఇంటింటికీ నర్సును పంపగలిగింది. హైదరాబాద్ ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఏళ్లుగా పనిచేస్తోంది, తెలంగాణ జిల్లాల్లో ఈ సేవలందించే ‘ఆలన’ వాహనాలు తిరుగుతున్నాయి. మంచి మొదలే. కేన్సర్ రోగి ఒక మార్ఫిన్ మాత్ర కోసం మండలం నుంచి రాజధాని దాకా రావలసిన పరిస్థితి పోయేదాకా మాత్రం, డాక్టరు సాయంతో మరణాన్ని చట్టం చేయమనడాన్ని నేను సమర్థించలేను. ఆ మందూ ఆ సేవలూ అందిన తర్వాత, వెంకటేశ్‌లాంటి వాళ్లు అడిగితే, మళ్లీ కూర్చుని వినాల్సిందే.

ఈలోగా ఉన్న చట్టాన్నైనా కదిలించాలి. రెండో మెడికల్ బోర్డులో జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టరు ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు నియమం. ఆ పేర్లు ముందే సిద్ధంగా లేకపోతే ఏ కుటుంబానికీ 48 గంటల్లో నిర్ణయం రాదు. కర్ణాటక ఆరోగ్య శాఖ 2025 జనవరి 30న ఇందుకోసం ఉత్తర్వులిచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో ఆ డాక్టర్ల జాబితా, పక్కనే జిల్లా ఆస్పత్రిలో మార్ఫిన్ నిల్వ ఎంతుందో చెప్పే రిజిస్టరు ఉండాలి. అవి ఉన్నాయో లేవో శాసనసభ్యులు వచ్చే సమావేశాల్లోనే అడగవచ్చు.