పొద్దు పొడిచాక గండికోట

గండికోట గురించి రాసేవాళ్ళు ‘గ్రాండ్ కాన్యన్ ఆఫ్ ఇండియా’ అనే మాటని మానేయాలి. ఇది నా మొదటి డిమాండ్. సూర్యోదయం చూసి తొమ్మిదింటికల్లా కారెక్కి, ఆ మూడు గంటల్ని యాత్రాకథనంగా రాసేసే పద్ధతిని సాహిత్యమని మెచ్చుకోవడం కూడా మానేయాలి. ఇది రెండోది. రెండూ వేరు వేరు తగాదాల్లా కనిపిస్తాయి గానీ, మూలం ఒకటే: ఒక చోటికి వెళ్ళి ఆ చోటుని చూడకుండా రావడం.

ఈ రకం వ్యాసాల నిర్మాణం మీకు తెలిసిందే. శుక్రవారం రాత్రి పదకొండుకి బెంగళూరులో బయల్దేరతారు. సుమారు 280 కిలోమీటర్లు. దారిలో ఒక టీ, పాత ఇళయరాజా పాటలు. తెల్లారుజామున నాలుగున్నరకి జమ్మలమడుగు, అక్కడినుంచి ఇంకో పదిహేను కిలోమీటర్లు. ఫోన్ టార్చి వెలుతుర్లో బండల మీద పాకుతూ అంచుకి చేరతారు. కింద పెన్న, ఎదురుగా ఎర్రబడుతున్న ఆకాశం. ‘చెప్పడానికి మాటలు చాలవు’ అని ఒక వాక్యం రాసి, ఆ తరువాత ఆరు వందల మాటలు చెప్తారు. తొమ్మిదింటికి బెలుం గుహలు, మధ్యాహ్నం హైవే మీద బిర్యానీ, రాత్రికి ఇల్లు. ఇంత ప్రయాణంలోనూ మనుషులు రెండు రకాలే తగులుతారు. ఒకరు టీ అమ్మే పెద్దాయన, ఇంకొకరు కారు చుట్టూ మూగే పిల్లలు. పెద్దాయన ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. నవ్వకపోతే ఆ వ్యాసంలో ఆయనకి చోటు లేదు.

మాది జమ్మలమడుగు వైపు. పదేళ్ళుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని. కాబట్టి ఆ కార్లలో వచ్చేవాళ్ళు నాకు పరాయివాళ్ళు కారు. వారమంతా ట్యూబులైటు కింద కూర్చున్న మనిషికి ఒక్క పూట ఆకాశం చూడాలనిపించడం న్యాయమైన కోరిక. కొండెక్కండి, పొద్దు పొడుపు చూడండి. నా పేచీ తిరిగొచ్చి రాసే రాతతోనే.

ముందు ఆ పోలిక సంగతి తేల్చుకుందాం. అరిజోనాలో కొలరాడో నది కోసిన గ్రాండ్ కాన్యన్ పొడవు 446 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్లు దాటుతుంది. గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని పెన్న కోసిన లోతు సుమారు 300 అడుగులు. కొలతల్లో పెట్టి తూస్తే గండికోట ఓడిపోతుంది. ఓడిపోయే ఆటలోకి దాన్ని ఎవరు దించారు? మనమే. అమెరికా చూడలేనివాళ్ళకి తక్కువ ఖర్చులో దొరికే నకలు అని మన ఊరిని మనమే పరిచయం చేసుకుంటున్నాం.

ఇంకో కొలత ఉంది, దాన్ని ఎవరూ రాయరు. గ్రాండ్ కాన్యన్ అంచున నిలబడితే కాళ్ళ కింద ఉండేది దాదాపు 27 కోట్ల ఏళ్ళ నాటి సున్నపురాయి. గండికోట అంచున మీరు కూర్చుని సెల్ఫీ తీసుకునే రాయి వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాటే. చేపలు, చెట్లు, రాక్షసిబల్లులు ఏవీ పుట్టకముందు నీటి అడుగున పేరుకున్న ఇసుక అది. భూవిజ్ఞానులు దాన్ని ‘గండికోట క్వార్ట్‌జైట్’ అంటారు. 1872లోనే విలియం కింగ్ జియలాజికల్ సర్వే తరఫున కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం రాశాడు. ఇవాళ్టికీ ఆ శాస్త్రంలో మా ఏర్ల పేర్లు, ఊర్ల పేర్లే నడుస్తున్నాయి: కడప బేసిన్, పాపాఘ్ని గ్రూపు, చిత్రావతి గ్రూపు, నార్జి సున్నపురాయి. రాళ్ళని చదివేవాళ్ళు మా పేర్లు వాడుతున్నారు. తెలుగులో రాసేవాళ్ళు మాత్రం అరిజోనా నుంచి అరువు తెచ్చుకుంటున్నారు. ఇది నాకు మింగుడుపడదు.

పోనీ మనకి మాట లేక అరువు తెచ్చుకున్నామా అంటే అదీ కాదు. ‘గండి’ అంటే ఏమిటి? చెరువు కట్టకి పడేది గండి. కొండల వరసని ఏరు తెంపుకుని పోయిన చోటు కూడా గండే. వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండల్ని చీల్చుకుని బయటపడే చోటు పేరు కూడా గండే, అక్కడి ఆంజనేయుడి గుడికి జనం పోతూనే ఉంటారు. నీళ్ళు ఒత్తిడి చేస్తే గట్టిది ఏదైనా ఎక్కడో ఒకచోట తెగుతుందన్న అనుభవం మొత్తం ఆ రెండక్షరాల్లో ఉంది. గండి దగ్గర కట్టిన కోట కాబట్టి గండికోట. ఊరి పేరే ఆ చోటుకి పూర్తి వర్ణన అయినప్పుడు దానికి ఇంకో దేశపు పేరు తగిలించడం ఎందుకు?

పేరు తప్పైతే చూపు కూడా తప్పుతుంది. గ్రాండ్ కాన్యన్ అనుకుని వచ్చినవాళ్ళు ప్రకృతిని చూడటానికి వస్తారు. కాబట్టి వెనక ఉన్న కోట వాళ్ళకి ఫొటోలో అడ్డం, లేదా అలంకారం. ఆ గోడల లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, జైలు ఉన్నాయి. ఒక ఊరు కూడా ఉంది, ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్న ఊరు. పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ కోటని 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే సరుకు చూపించడానికి ఇక్కడికే వచ్చాడు. మీర్ జుమ్లా ఉత్తరాల్ని కాలివేళ్ళ మధ్య, ఎడమచేతి వేళ్ళ మధ్య ఇరికించుకుని, ఒక్కొక్కటీ లాగి జవాబులు చెప్పి రాయించేవాడని ఆయన రాసిపెట్టాడు. మన ఇన్‌బాక్స్ బతుకులకి ఇంతకన్నా దగ్గరి బొమ్మ ఏముంది? సాఫ్ట్‌వేర్ వాళ్ళు రాసిన గండికోట వ్యాసాల్లో ఇది ఒక్కదాంట్లోనూ నాకు కనిపించలేదు. మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తుల్లో గండికోటకీ ఒకటి ఉంది. చదవాలనుకుంటే తెలుగులోనే ఉంది.

ఇక పొద్దు సంగతి. తెల్లారుజాము అంటే మీకు సెలవు పూట. మా వైపు అది పని మొదలయ్యే వేళ. ఎర్రగుంట్ల నుంచి కొలిమిగుండ్ల, బేతంచెర్ల దాకా నాపరాయి గనుల్లో ఎండ ముదరకముందే ఎంత పని లాగితే అంత. పదకొండయ్యేసరికి బండ కాలుతుంది, వేసవిలో ఎండ 43, 44 డిగ్రీలకి పోతుంది. గనిలో నీడ ఉండదు. మీరు ‘ఉదయపు నిశ్శబ్దం’ అని రాసే ఆ ఘడియలో కొన్ని మైళ్ళ అవతల సుత్తి, ఉలి, కోత మిషను మోగుతూ ఉంటాయి. అక్కడ కోసిన రాయే ‘కడప రాయి’ అన్న పేరుతో మన వంటింటి గట్టుగా, అలమర అరగా బెంగళూరు, హైదరాబాదు ఇళ్ళలో ఉంది. ఆ సూర్యుణ్ణి చూడటానికి రాత్రంతా కారులో వచ్చినవాళ్ళకి, అదే సూర్యుడితో పందెం వేసుకుని బతికేవాళ్ళు కనపడకపోవడం వాళ్ళ దుర్మార్గం కాదు. తొమ్మిదింటికే వెళ్ళిపోవడం వల్ల వచ్చిన లోపం. రాయలసీమ గురించి తెలుసుకోవలసిందంతా తొమ్మిది తరువాతే మొదలవుతుంది.

నీళ్ళ సంగతి ఇంకా పెద్దది. మీ ఫొటోలో పచ్చగా మెరిసే నీళ్ళకి ఎగువన గండికోట జలాశయం ఉంది, దిగువన మైలవరం జలాశయం ఉంది. గాలేరు-నగరి పథకంలో భాగమైన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి అవుకు సొరంగాల మీదుగా కృష్ణ నీళ్ళు ఇక్కడికి వస్తాయి. అంటే మీరు పెన్నని మాత్రమే చూస్తున్నామనుకుంటారు, అందులో కృష్ణ కూడా కలిసి ఉంటుంది. ఈ నీళ్ళ కోసం సీమ దశాబ్దాలు కొట్లాడింది. నేను ఆ ప్రాజెక్టుకి వ్యతిరేకిని కాను. బోరు ఎండిన చేను పక్కన పెరిగినవాడెవడూ కాలేడు. కానీ ఈ నీళ్ళ కింద కొండాపురం మండలంలో ఊర్లు ఉన్నాయి. 2020లో నీటిమట్టం పెంచుతుంటే తాళ్ళప్రొద్దుటూరు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. పరిహారం, పునరావాసం పూర్తిగా ఇవ్వకుండా ఊరు ఖాళీ చేయమంటే ఎలాగని జనం ధర్నాకి కూర్చున్నారు. ఆ పేరు ఒకసారి పైకి అనండి: తాళ్ళప్రొద్దుటూరు. ఆ పేరు ఎలా పుట్టిందో పండితులు తేల్చుకోనీ, చెవికి మాత్రం అందులో ‘ప్రొద్దు’ వినిపిస్తుంది. పేరులో పొద్దున్న ఊరు నీళ్ళలో మునిగింది. దానికి ఎంతో దూరం లేని కొండ మీద నిలబడి పొద్దు పొడుపు గురించి మనం వ్యాసాలు రాస్తున్నాం, ఆ ఊరి ఊసు లేకుండా.

‘సరదాగా వెళ్ళొచ్చినవాడు ఇదంతా మొయ్యాలా బ్రో?’ అని ఆఫీసులో ఒక మిత్రుడు అడిగాడు. మొయ్యక్కర్లేదు. సరదాగా వెళ్ళి సరదాగా రావచ్చు. ఫొటోలు పెట్టుకోవచ్చు. కానీ దాన్ని వ్యాసంగా రాసి, సాహిత్య పత్రికకి పంపి, మేం చదవాలని అడిగినప్పుడు ఆ రాతకి కొన్ని బాధ్యతలు వస్తాయి. కథ రాసేవాణ్ణి పాత్ర బోలుగా ఉందని నిలదీస్తాం. యాత్ర రాసేవాడు ఒక జిల్లాని మొత్తం బోలు చేసినా ‘విజువల్స్ బాగున్నాయి’ అంటాం. విమర్శకి ఈ రెండు నాలుకలేమిటి?

తెలుగు యాత్రారచన మొదలైందే ఇలా కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి ఈ కడప, అహోబిలం, శ్రీశైలం దారినే పోయాడు. ఆయనా ఉద్యోగస్తుడే, సుప్రీంకోర్టులో దుబాసీ. పల్లకీలో, పరివారంతో పోయిన పెద్దమనిషి. అయినా ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, బాట ఎలా ఉంది అని ఊరూరా రాసుకుంటూ పోయాడు. వెనక వచ్చేవాడికి పనికొచ్చేలా చూడటం ఆయన పద్ధతి. రెండు వందల ఏళ్ళకి మనం సాధించిన అభివృద్ధి ఏమిటంటే, లొకేషన్ పిన్ పెట్టి ఊరి పేరు తీసేయడం.

ఇప్పటి రచనే కావాలంటే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ ఉంది. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో సినిమాగానూ వచ్చింది. అందులోనూ ఒక ఇంజనీరింగ్ కుర్రాడు కొండెక్కుతాడు. కరువుకి మేత, నీళ్ళు లేక గొర్రెల్ని నల్లమలకి తోలుకుపోయే కాపరులతో పాటు ఎక్కుతాడు. కొండపొలం అన్న మాటకి అర్థమే అది. మన వీకెండు ట్రెక్కుకీ ఆ ప్రయాణానికీ తేడా కష్టసుఖాలది మాత్రమే కాదు. అక్కడ కొండ ఎవరికోసమూ ముస్తాబై కూర్చోదు. ఏ చెట్టు ఆకు గొర్రె తింటుంది, ఏ వాగులో ఇంకా తడి ఉంది అన్నది తెలియకపోతే బతకలేవు. కొండని అంత దగ్గరగా చదివిన పుస్తకం మన చేతిలో ఉండగా, ‘కొండ నన్ను పిలిచింది’ లాంటి వాక్యాలకి మనం ఎందుకు చప్పట్లు కొడుతున్నామో నాకు అర్థం కాదు. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊర్ల పేర్ల మీదే పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. ఒక్కో పేరు వెనక నీరో, చెట్టో, కులవృత్తో, రాయో ఉంటుందని చూపించడానికి ఒక మనిషి ఏళ్ళు ఖర్చు పెట్టిన జిల్లా ఇది.

పర్యాటకం వల్ల డబ్బొస్తుంది కదా అన్నది ఇంకో వాదం. రావాలనే నేనూ కోరుకుంటున్నాను. 2024 చివర్లో కేంద్రం గండికోట అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేసింది. అందుకే ఈ పేచీ ఇప్పుడే పెట్టుకోవాలి. వర్ణన ఎలా ఉంటే నిర్మాణం అలా ఉంటుంది. గ్రాండ్ కాన్యన్ అని రాస్తూ పోతే అంచు మీద చూపు కోసం వేదికలు కడతారు, టెంట్లు వేస్తారు. గండికోట అని రాస్తే ధాన్యాగారం పైకప్పు గురించి, లోపలి ఊరివాళ్ళ మంచినీళ్ళ గురించి, కోట కథ చెప్పగలిగే స్థానిక కుర్రాళ్ళకి పని గురించి అడగడానికి వీలుంటుంది. తొమ్మిదింటికి పోయే కారు ఆ ఊరికి వదిలిపోయేది నాలుగు టీల డబ్బు, ఒక సంచి ప్లాస్టిక్. రెండు పూటలు ఉండేవాళ్ళే భోజనం చేస్తారు, గది తీసుకుంటారు, మాట్లాడతారు.

కాబట్టి రాసేవాళ్ళకి నా విన్నపం ఇది. పొద్దు పొడుపు చూశాక వెంటనే కారెక్కకండి. మధ్యాహ్నం దాకా ఉండండి. ఎండ నెత్తిమీదికి వచ్చాక అదే అంచుకి ఇంకోసారి రండి, ఆ రాయి మీద చెయ్యి పెట్టి చూడండి. టీ అమ్మే పెద్దాయన్ని ‘మీదే ఊరు పెద్దాయనా?’ అని అడగండి. ఆయన చెప్పే ఊరు మ్యాపులో ఉందో, నీళ్ళ కింద ఉందో అక్కడే తెలుస్తుంది. సంపాదకులకి కూడా ఒక విన్నపం ఉంది. గండికోట మీద వ్యాసం వస్తే అందులో కనీసం మూడు ఊర్ల పేర్లు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. లేకపోతే తిప్పి పంపండి. సూర్యోదయం రేపు కూడా అవుతుంది, తొందరేం లేదు.