పురజనుల విద్యుచ్ఛాల

ఏడాదిలో కొలది గంటలు నడచుటకై ఒక విద్యుత్కేంద్రమును నిర్మించుట దూరదృష్టియా, దుర్వ్యయమా? అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందలి పీబాడీ పట్టణమున ఈ ప్రశ్న పెద్ద వివాదమునకు కారణమైనది.

1891 నాటి శాసనముచే ఆ రాష్ట్రమున పట్టణములు తమ విద్యుత్తును తామే సమకూర్చుకొను హక్కును బడసినవి. అట్టి పురపాలక శాఖలు నేడు సుమారు 40 కలవు. వానిలో కొన్ని కూడి పీబాడీలో సుమారు 55 మెగావాట్ల చిన్న కేంద్రమును తలపెట్టినవి. అది సహజవాయువుతో నడచును. వాయువు కొఱవడిన చమురుతో నడచును. ఏటి 8760 గంటలలో అది పనిచేయునది సుమారు 240 గంటలే యని అంచనా.

దీని యవసరమును తేలికగా త్రోసివేయరాదు. 2017 డిసెంబరు తుదినుండి 2018 జనవరి వఱకు ఆ ప్రాంతమును చలి పీడించినప్పుడు, వాయువు చాలవఱకు ఇండ్లను వెచ్చచేయుటకే పోయి విద్యుత్కేంద్రములకు కొఱవడెను. దీపము లారకుండ కాపాడినవానిలో చమురు కేంద్రములు ముఖ్యమైనవి. 2016 సంవత్సర మంతయు కాల్చిన చమురునకు రెట్టింపునకు మించి, సుమారు 20 లక్షల పీపాలు, రెండు వారములలో కాలిపోయెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వువానిని వివేకి యనము.

కాని బావి యెవరి పెరటిలో, ఎవరి సొమ్ముతో త్రవ్వవలయునో ఆ యింటివారి నడుగవలదా? 2015 అను అంకెను పేరునందే ధరించిన ఈ యోజన పలువురు నివాసులకు 2021లో గాని తెలియలేదు. వారు అభ్యంతరము దెలుపగా పని కొంతకాలము నిలిచెను. వ్యయము సుమారు 8 కోట్ల 50 లక్షల డాలర్లు. అందుకై ఋణము గొనుటకు ఆ యేడే అనుమతి లభించెను. 2050 నాటికి ఉద్గారములను నికరముగ శూన్యము చేయుదుమని రాష్ట్రము శాసనము గావించినదియు ఆ యేడే!

యంత్రము విశ్రమించినను వడ్డీ విశ్రమింపదు. యంత్రము మేల్కొనునప్పుడు పొగ సమీపవాసుల కిటికీలనే చేరును. కావున విద్యుత్తును నిలువచేయు బ్యాటరీలను, రద్దీవేళ వాడుకను తగ్గించు ఉపాయములను ముందుగా నిష్పక్షపాతముగ పరిశీలింపవలయును. అవి చాలవని తేలిననాడు కేంద్రమును నిర్మింపవచ్చును. అప్పుడును నడచిన గంటలను, కాల్చిన ఇంధనమును, అయిన వ్యయమును ఏటేట పురజనుల ముందుంచవలయును.

స్వపరిపాలన మనగా బిల్లు చెల్లించు భాగ్యము మాత్రమే కాదు. నిర్ణయమునకు ముందే మాట చెప్పుకొను అధికారము. ప్రజల యాస్తి యని పేరుపెట్టి ప్రజలకు తెలియకుండ నడపినచో, పురపాలక సంస్థకును పరుల కంపెనీకిని భేదమేమి?