సొంత పేరుతో ఒక గది

చిత్రకళనే జీవనవృత్తిగా ఎంచుకున్న ముస్లిం యువతీయువకులు అప్పుడప్పుడు మా వద్దకు వస్తుంటారు. ఆదోని నుండి, నంద్యాల నుండి, బోధన్ నుండి, మహబూబ్‌నగర్ నుండి వస్తారు. వారిలో పలువురి ఇళ్లకు రంగుల డబ్బాలు కొత్తవి కావు. తండ్రులో పెదనాన్నలో ఒకప్పుడు దుకాణాల బోర్డులు, లారీల మీది పూలతీగలు, సినిమా బ్యానర్లు వేసినవారే. ఫ్లెక్సీ యంత్రాలు వచ్చి ఆ చేతులకు పని లేకుండా చేశాయి. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు అదే కుంచెను మరో విధంగా పట్టుకోవాలని కోరుకుంటున్నారు. అందుకు ఊరు విడిచి వెళ్లక తప్పదని వారికి తెలుసు. వారు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: “తక్కువ ఖర్చుతో ఎక్కడ ఉండవచ్చు?”

అద్దెల పట్టిక ఒకటి ముందు పెట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం సులభం. కాని ముస్లిం పేరు గల కళాకారునికి అద్దె చౌకగా ఉన్న చోటు, తాను నిజంగా ఉండగలిగే చోటు ఒకటి కాకపోవచ్చు. ఈ రెండింటి మధ్యనున్న అంతరాన్ని గురించే ఈ నెల రాయదలచాం.

ముందుగా లెక్క చూద్దాం. ఉద్యోగానికో కోచింగుకో వచ్చిన యువకునికి మంచం పట్టేంత చోటు చాలు. నలుగురు కలిసి ఒక గదిలో సర్దుకుంటారు. చిత్రకారునికి అలా కుదరదు. తైలవర్ణంతో వేసిన చిత్రం ఆరడానికి రోజులు పడుతుంది. అన్నాళ్లూ దానిని ఎవరూ తాకని గోడకు ఆనించి ఉంచాలి. టర్పెంటైన్ వాసనను పక్క మంచం వారు సహించరు. నేల మీద రంగు మరకలు పడితే ఇంటి యజమాని అడ్వాన్సులో కోత పెడతాడు. శిల్పకళ నేర్చుకునే వారికి నీళ్లూ, మట్టి తడిపే చోటూ కావాలి. కాబట్టి హాస్టలు మంచం ఎంత చౌకగా దొరికినా, అక్కడ బొమ్మ వేయలేనప్పుడు ఆ ఖర్చంతా వృథా అయినట్లే.

రెండవది సంపాదన. తొలి సంవత్సరాలలో చిత్రాలు అమ్ముడుపోతాయని ఎవరూ ఆశించకూడదు. పిల్లలకు డ్రాయింగు నేర్పడం, పెళ్లి పత్రికలకు డిజైన్లు చేయడం, గోడల మీద చిత్రాలు వేయడం వంటి పనులతోనే పూట గడుస్తుంది. అద్దె తక్కువని అటువంటి పనులేవీ దొరకని ఊరికి వెళ్లడం మిక్కిలి ఖరీదైన పొరపాటు. మూడవది ప్రయాణం. నాలుగడుగుల కాన్వాసును పట్టుకొని రద్దీ బస్సు ఎక్కలేరు, ప్రతిసారీ ఆటో మాట్లాడుకోలేరు. గురువులకు, రంగుల దుకాణాలకు, ప్రదర్శనశాలలకు దూరంగా ఉంటే, అద్దెలో మిగిలిన డబ్బు దారిలోనే కరిగిపోతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం లభిస్తున్నది. మన అమ్మాయిలు ఇల్లు వెతుక్కొనేటప్పుడు ఈ సదుపాయాన్ని లెక్కలో వేసుకోవాలి. అబ్బాయిల కంటె కొంత దూరాన ఉన్న చోటు కూడా వారికి గిట్టుబాటు కావచ్చు.

ఇంతవరకు చెప్పిన లెక్క ఏ మతం వారికైనా ఒకటే. ఇక మీదట చెప్పేది మనకు మాత్రమే పడే ఖర్చు.

మాకు తెలిసిన ఒక యువకుడు చిత్రకళా కోర్సులో సీటు సంపాదించి రాయలసీమ నుండి హైదరాబాదు వచ్చాడు. కళాశాలకు దగ్గరలో గది కోసం టూలెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగాడు. ఫోనులో “రండి, చూసుకోండి” అన్నవారు పేరు వినగానే “మా వాళ్లను అడిగి చెబుతాం” అన్నారు. ఒక చోట మాంసాహారం వండకూడదన్నారు. వండనని మాట ఇచ్చినా తలుపు తెరుచుకోలేదు. మూడు వారాలు లాడ్జిలో గడిపాడు. రంగులకని తల్లి దాచి ఇచ్చిన డబ్బు ఆ లాడ్జికే సరిపోయింది. చివరకు ఒక యజమాని, ఒప్పందం హిందూ మిత్రుని పేరు మీద రాసే షరతుతో గది ఇచ్చాడు. మిత్రుడు సహృదయుడు, వెనుకాడకుండా సంతకం చేశాడు. కాని ఆ సంవత్సరమంతా మన యువకుడు తన గదిలోనే అతిథిలా మసలుకున్నాడు. తల్లి బురఖాతో వస్తే ఇరుగుపొరుగు ఏమంటారోనని ఆమెను రావద్దన్నాడు. కళాశాల ప్రదర్శనలో తన చిత్రం కింద పేరు రాసుకున్నవాడు ఇంటికి వచ్చి తలుపు మీద ఆ పేరు రాసుకోలేకపోయాడు. ఆ మూడు వారాల లాడ్జి బిల్లు గాని, తల్లితో చెప్పవలసి వచ్చిన ఆ మాట గాని ఏ అద్దెల పట్టికలోనూ కనబడవు.

ఇది ఒక్కరి కథ అయితే ఇంత దూరం రాయనవసరం లేదు. ముస్లింలు ఇళ్లు కొనుక్కోవడంలో, అద్దెకు తీసుకోవడంలో ఎదుర్కొంటున్న ఇబ్బందులను సచార్ కమిటీ 2006లోనే తన నివేదికలో ప్రస్తావించింది. ఢిల్లీ రాజధాని ప్రాంతంలోని అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు జరిపిన పరిశీలన 2015లో వెలువడింది. పేర్లు మాత్రం మార్చి ఇళ్లు అడిగినప్పుడు దళితులకు తక్కువగాను, ముస్లింలకు ఇంకా తక్కువగాను సానుకూల సమాధానాలు వచ్చాయని అది తేల్చింది.

దేశంలో ఎక్కడైనా నివసించే, స్థిరపడే హక్కును రాజ్యాంగం 19(1)(ఇ) అధికరణం ప్రతి పౌరునికి ఇచ్చింది. అయితే వివక్షను నిషేధించే 15వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వాన్ని, దుకాణాలు, హోటళ్లు వంటి బహిరంగ స్థలాలను ఉద్దేశించినది. ఇంటి యజమాని గుమ్మం దాకా అది సూటిగా రాదు. ఒక సహకార గృహనిర్మాణ సంఘం తన సభ్యత్వాన్ని ఒకే మతస్థులకు పరిమితం చేసుకోవచ్చునని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2021లో కేంద్రం రూపొందించిన నమూనా అద్దె చట్టం నివాసగృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదన్నది. అది మెచ్చదగినదే. మతాన్ని చూసి ఇల్లు నిరాకరించే యజమానిని గురించి మాత్రం ఆ చట్టం మౌనం వహించింది. వివక్షను నిషేధించే సమగ్ర చట్టం కావాలని 2014లో అమితాబ్ కుందూ కమిటీ సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఇంకా చట్టరూపం దాల్చలేదు. హక్కు కాగితం మీద ఉన్నది, దాని ధరను మాత్రం మన పిల్లలు లాడ్జిలలో చెల్లిస్తున్నారు.

అయినా పిల్లలు ఎక్కడికో ఒక చోటికి వెళ్లాలి కదా. మాకు తెలిసినంతలో కొన్ని దారులు చెబుతాం.

హైదరాబాదు మాసబ్ ట్యాంకు వద్ద లలితకళల విశ్వవిద్యాలయం ఉన్నది. దానికి సమీపాన మల్లేపల్లి, ఆసిఫ్‌నగర్, విజయనగర్ కాలనీ ప్రాంతాలలో పేరు అడ్డురాకుండా గది దొరికే అవకాశం ఎక్కువ. పాతనగరంలో ఛత్తా బజార్ ఉన్నది. అక్కడి ముద్రణాలయాలు, పెళ్లి పత్రికల దుకాణాలు, ఉర్దూ లిపికారులు చేతిలో పనితనం ఉన్నవారికి బతుకుతెరువూ విద్యా రెండూ ఇవ్వగలరు. సాలార్‌జంగ్ మ్యూజియం అక్కడికి నడక దూరమే. లోటుపాట్లూ ఉన్నాయి. ఇరుకు ఇళ్లలో వెలుతురు తక్కువ. ప్రదర్శనశాలలు, చిత్రాలు కొనేవారు మాదాపూర్, బంజారాహిల్స్ వైపు ఉన్నారు. సెంట్రల్ యూనివర్సిటీలో చదివేవారికి గచ్చిబౌలి అద్దెలు అందవు. టోలీచౌకి నుండి వెళ్లి రావడం నయం.

మన బస్తీలో ఉండటం గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అమ్మమ్మ భాష వినబడుతుందని, రంజాన్ రాత్రుల సందడి బొమ్మలోకి వస్తుందని మొహల్లాను ఎంచుకుంటే అది కళాకారుని సంపద. మిగతా నగరమంతా తలుపు వేసుకున్నందున అక్కడికి చేరితే అది వెలివేత. బయటి నుండి చూస్తే రెండు గదులూ ఒకేలా కనబడతాయి, అద్దె కూడా ఒకటే కావచ్చు. అందువల్ల “మీ వాళ్ల మధ్య మీకు చౌకగా దొరుకుతుంది కదా” అనే సానుభూతిని మేము అంగీకరించలేం.

అందరూ హైదరాబాదుకే రావాలని కూడా లేదు. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉర్దూ, తెలుగు పక్కపక్కనే వినిపించే ఊరు అది. మతభేదం లేకుండా జనం వెళ్లే పెద్ద దర్గా ఉన్న ఊరు. అక్కడ ముస్లిం పేరు ఎవరికీ వింత కాదు. చిత్రాలు కొనేవారు తక్కువన్నది నిజమే. కాని నేర్చుకునే సంవత్సరాలలో కావలసినది కొనుగోలుదారుల కంటె పని చేసుకొనే చోటు. చేతిపనిలో ఆసక్తి ఉన్నవారు మచిలీపట్నం పక్కనున్న పెడనలో అచ్చు కలంకారీని, శ్రీకాళహస్తిలో కలంతో వేసే కలంకారీని చూసి రావాలి. కలంకారీ అన్న పేరే పారసీకం నుండి వచ్చింది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుండి ఆ బట్టలు దేశదేశాలకు వెళ్లాయి. ఈ కళ మనకు పరాయిది కాదు.

ఇక బరోడా. లక్ష్మాగౌడ్, వైకుంఠం వంటి మన చిత్రకారులు అక్కడి లలితకళా విభాగంలో చదివి వచ్చినందున తెలుగు యువతకు ఆ పేరు మీద మమకారం ఉన్నది. చదువు విషయంలో ఆ మమకారం సబబే. అయితే కల్లోలిత ప్రాంతాల చట్టం గుజరాత్‌లో 1991 నుండి ఉన్నదని, ప్రకటిత ప్రాంతాలలో ఆస్తి చేతులు మారాలంటే కలెక్టరు అనుమతి కావాలని మరువరాదు. అది ఆస్తుల బదిలీకి సంబంధించిన చట్టమే గాని, ఎవరి వీధి ఏదన్న గీతను అది మరింత గట్టిపరిచిందని మా అభిప్రాయం. బరోడా వెళ్లదలచినవారు హాస్టలు సీటు ఖాయం చేసుకొన్న తరువాతనే రైలెక్కాలి.

చోటు గురించి మాట్లాడేటప్పుడు ఎం.ఎఫ్. హుసేన్ గుర్తుకు రాక మానరు. పండరీపురంలో పుట్టి, బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకొని, దేశం గర్వించే చిత్రకారుడైనారు. ఆయన సినిమా ఘర్ నెలకొల్పినది మన హైదరాబాదులోనే. కేసులు, బెదిరింపుల నడుమ 2006లో దేశం విడిచారు. 2008లో ఢిల్లీ హైకోర్టు ఆ కేసులను కొట్టివేసినా తిరిగి రాలేకపోయారు. 2010లో ఖతార్ పౌరసత్వం స్వీకరించి, 2011లో లండన్‌లో కన్నుమూశారు. చేతిలో డబ్బు లేని రోజులలో బొంబాయి ఆయనకు చోటిచ్చింది. కీర్తి, ధనం వచ్చిన తరువాత ఈ దేశంలో ఆయనకు నిశ్చింతగా ఉండే చోటు లేకపోయింది. ఒక మనిషి ఎక్కడ ఉండగలడన్నది డబ్బు ఒక్కటే తేల్చదని ఇంతకంటె ఎవరు చెప్పగలరు?

ఎదుటివారి గుమ్మాల గురించి ఇంత చెప్పాక మన గుమ్మాల గురించి చెప్పకపోతే అది నిజాయితీ కాదు. బొమ్మలు వేయడం హరామ్ అంటూ పిల్లవాడి చేతిలోని కుంచె లాక్కునే ఇళ్లు ఉన్నాయి. ధర్మశాస్త్ర చర్చ చేయడం మా ఉద్దేశం కాదు. ఖతాతీ, అరబెస్కు నగిషీ, బిద్రీ పనితనం, సూక్ష్మచిత్రాలు మన చరిత్రలో ఉన్నాయని మాత్రం గుర్తు చేస్తాం. అమ్మాయిల సంగతి ఇంకా కష్టం. ఒంటరి ఆడపిల్లకు ఇల్లు ఇవ్వని ముస్లిం యజమానులు మన బస్తీలలోనే ఉన్నారు. మతం పేరిట మనకు తలుపు మూసినవారిని ప్రశ్నించే నైతిక బలం కావాలంటే, మనం మూసిన తలుపులు ముందు తెరవాలి.

మన చేతిలో ఉన్నదేమిటి? రెండు రాష్ట్రాలలోనూ అనేక పట్టణాలలో ప్రభుత్వ నిధులతో కట్టిన ఉర్దూ ఘర్లు, షాదీఖానాలు ఉన్నాయి. పెళ్లిళ్లు లేని నెలలలో వాటికి తాళాలే ఉంటాయి. ఎత్తైన గోడలు, నీటి వసతి, విశాలమైన హాలు చిత్రకారునికి కావలసిన హంగులే. ప్రతి జిల్లా కేంద్రంలో అటువంటి ఒక్క భవనంలో ఒక్క గదిని నామమాత్రపు రుసుముతో యువ కళాకారులకు ఇవ్వవలసిందిగా మైనారిటీ సంక్షేమ శాఖలను కోరుతున్నాం. ఆ గదిలో హిందూ, క్రైస్తవ పిల్లలకూ చోటు ఉండాలి. మనకు జరిగిన అన్యాయాన్ని మనం మరొకరికి చేయరాదు. వక్ఫ్ బోర్డులు, నియమాలు అనుమతించిన మేరకు, అద్దె ఇళ్లలో కొన్నింటిని ఊరు విడిచి వచ్చిన విద్యార్థులకు కేటాయించాలి. వివక్షా నిరోధక చట్టం కోసం జరిగే పోరాటం దీర్ఘమైనది, అది సాగాలి. ఈలోగా ఒక తరం పిల్లలు బొమ్మలు వేయడం మానుకోకూడదు.

ఊరు విడవబోయే యువతకు చివరగా చెప్పేదిది. అద్దె, వెలుతురు, పని, దూరం లెక్క చూసుకోండి. ముందుగా అక్కడ ఉంటున్న సీనియర్లను కలిసి నిజం తెలుసుకోండి. ఇల్లు వెతికే వారాలకు కూడా డబ్బు పక్కన పెట్టుకోండి. నిరాకరించిన చోటును, తేదీని, చెప్పిన కారణాన్ని రాసిపెట్టి మాకు పంపండి. ఆ వివరాలు పోగుపడితేనే రేపు చట్టసభల ముందు మన వాదన నిలుస్తుంది. వీలైనంతవరకు ఒప్పందం మీద మీ సంతకమే పెట్టండి. ఆ గదికి మీ అమ్మీ నిస్సంకోచంగా రాగలగాలి. అటువంటి గదికి నెలకు కొంత ఎక్కువ ఇవ్వవలసి వచ్చినా, మా లెక్కలో అదే చౌక.