చిత్రకారుల సేద్యము, పొరుగువారి జామీను

గత మాసమున నొక గ్రామ సహకార సంఘపు సర్వసభ్య సమావేశమునకు మేము వెళ్ళియుంటిమి. విత్తనములను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకే మమ్ము పిలిచిరి. కాని యచట విత్తనముల ప్రసంగము సాగలేదు. ఒక పెద్దరైతు లేచి, "నా వాటా నేను చెల్లించితిని. నా వాయిదా నెన్నడును తప్పలేదు. పొరుగువాని పత్రముమీద జామీనుదారుగా నేనేల చేవ్రాలు చేయవలెను?" అని యడిగెను. పలువురు తల లూపిరి. కార్యదర్శిగారు నిబంధనలు తెఱచి చదువ మొదలిడిరి. చదివినకొలది సభ మఱింత బిగుసుకొనెను. ఆ ప్రశ్న నిబంధనల వలన తెగునది కాదు. మాకు తోచిన సమాధానము మఱియొక దేశమున, మఱియొక కాలమున జరిగిన కథలో నున్నది. దానిని రైతుసోదరుల యెదుట నుంచుచున్నాము.

మేము మిషను పాఠశాలలో చదువుకొన్న దినములలో అమెరికా యనగా నొక్క మనుష్యుని కథయే మాకు చెప్పెడివారు. అతడు భుజమున గొడ్డలి వేసికొని యొంటిగా నడవి జొచ్చి, చెట్లు నఱకి, యెవరి సాయమును లేకయే సంపన్నుడగును. ఆ కథను మేము చాలకాలము నమ్మితిమి. తరువాత టెక్సస్ సీమలో సేద్యమునకు దిగిన యిద్దరు జర్మను చిత్రకారుల చరిత్రము చదివితిమి. అప్పటినుండి ఆ యొంటివాని కథ మీద మాకు విశ్వాసము సన్నగిల్లినది.

ఆ యిద్దరిలో పెద్దవాడు హెర్మన్ లుంగ్‌క్విట్జు, 1813లో జన్మించినవాడు. చిన్నవాడు రిచర్డ్ పేట్రి, 1824లో జన్మించినవాడు. ఇరువురును డ్రెస్డెను నగరపు కళాశాలలో చిత్రలేఖనము నభ్యసించిరి. 1849లో ఆ నగరమున ప్రజలు రాజుపై తిరుగబడిరి; ఆ తిరుగుబాటణగిన పిమ్మట స్వాతంత్ర్యము గోరువారికి స్వదేశమున చోటు లేకపోయెను. లుంగ్‌క్విట్జు పేట్రి సోదరిని వివాహమాడెను. బావమఱదులిద్దరును తల్లిని, తోబుట్టువులను వెంటబెట్టుకొని 1850లో ఓడయెక్కి న్యూయార్కు చేరి, మఱుసటి యేట టెక్సస్ ప్రవేశించిరి. 1852లో ఫ్రెడరిక్స్‌బర్గు అను జర్మను గ్రామ సమీపమున, పెడర్నేలిస్ నది యొడ్డున, 320 ఎకరముల పొలము కొనిరి. కుంచె పట్టిన చేతులు మేడి పట్టవలసివచ్చెను. మనలో నెవరైన అట్టివారిని తమ పక్కపొలమున జూచినచో, మూడేండ్లలో పొలమమ్ముకొని పోదురని పందెము వేయుదురు. మేమును వేసియుందుము.

వారు పోలేదు. ఎందుకు పోలేదో తెలియవలెనన్న, వారికి ముందు ఆ సీమకు వచ్చినవారి గతి నెఱుగవలెను.

1842లో జర్మనీయందలి రాజులు, ప్రభువులు కొందఱు కూడి యొక వలస సంఘమును స్థాపించిరి. బీదజనమును టెక్సస్‌కు పంపి భూములిప్పింతుమనిరి. ఒంటివాడు 300 గిల్డరులు, కుటుంబీకుడు 600 గిల్డరులు కట్టవలెను. ఒంటివానికి 160 ఎకరములు, కుటుంబమునకు 320 ఎకరములు. వినుటకెంత బాగుగ నున్నది! కాని యిచ్చెదమన్న భూమిని ఆ ప్రభువులలో నొక్కడును కంటితో జూడలేదు. 1844లో వారు కొన్న హక్కు కొమాంచీ జాతివారు వేటాడుకొను నేలమీది హక్కు. ఆ జాతివారి నెవరును అడుగలేదు. మొదటి కార్యనిర్వాహకుడైన రాజకుమారుడు ఋణములు మిగిల్చి 1845లో వెడలిపోయెను. ఆ తరువాత వచ్చిన మొయిసెబాక్ అను నాతడు లెక్కలు చూడగా లెక్కలకే తల తోక లేదు. ఇంతలో వేలకొలది జనము సముద్రతీరమున దిగిరి. 1846లో మెక్సికో యుద్ధము వచ్చి, బండ్లన్నియు సేనలకు పోయెను. ఆ యిసుకలో, గుడారములక్రింద, గుంటలలో వానయందు తడిసి, జ్వరములతో వందలకొలది మంది మరణించిరి. దూరమున కూర్చున్న డైరెక్టర్లు, చూడని భూమి, సరిచూడని ఖాతాపుస్తకము: ఈ మూడును కలిసిన సంఘము ఏ దేశముననైన నిట్లే యగును. దీనికి జర్మనీ వఱకు పోనక్కఱలేదని కొందఱు సభ్యులు గొణుగుట మాకు వినబడుచున్నది.

దీనికి సరిగా వ్యతిరేకమైన ప్రయత్నము కూడ నొకటి జరిగెను. 1847లో చదువుకొన్న యువకులు కొందఱు లానో నదీతీరమున బెట్టీనా యను పల్లె కట్టి, అంతయు నుమ్మడి యనిరి. నాది నీది యను భేదము లేదు, పెత్తనము లేదు. ఇష్టమున్నవాడు ఇష్టమైనప్పుడు పనిచేయవలెను. దినములు గడచినకొలది పనిచేయువారు తగ్గిరి, మాటలాడువారు మిగిలిరి. ఏడాది తిరుగక ముందే పల్లె చెదరిపోయెను. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చెనను సామెత మనవారికి క్రొత్త కాదు. అయితే ఆ యువకులలో జాకబ్ క్యూక్లరు అను నొక అడవిశాస్త్రజ్ఞుడుండెను. బెట్టీనా చెడినను అతడు చెడలేదు. అతని పేరు జ్ఞాపకముంచుకొనుడు.

ప్రభువుల సంఘము దివాలాకు వచ్చినను, మొయిసెబాక్ చేసిన యొక్క పని నిలిచినది. 1847 మార్చిలో అతడు కొలదిమందితో కొమాంచీల నేలకు వెళ్ళి వారి పెద్దలతో మాటలాడెను. వారి శిబిరమును సమీపించినపుడు తన తుపాకిని గాలిలోనికి పేల్చి ఖాళీచేసెనని చెప్పుదురు. ఆ మే నెలలో ఫ్రెడరిక్స్‌బర్గులో నొడంబడిక వ్రాయబడెను. జర్మనులు వారి నేలపై నిర్భయముగ తిరుగవచ్చును, భూమి కొలుచుకొనవచ్చును. కొమాంచీలు గ్రామములోనికి నిర్భయముగ రావచ్చును. 3,000 డాలర్ల విలువగల కానుకలు వారికి చెల్లవలెను. ఆ యొడంబడిక భంగము కాలేదని ఆ గ్రామమువారు తరతరములుగ గర్వముతో చెప్పుకొనుచున్నారు. చిత్రకారులు కొన్న పొలమునకు దస్తావేజు కచ్చేరిలో నుండవచ్చును. దానికి నిజమైన జామీను ఈ మాటయే.

పేట్రి ఆ పొరుగువారిని గీచెను. గుఱ్ఱముపై కూర్చున్న స్త్రీని, బిడ్డనెత్తుకొన్న తల్లిని, దుప్పటి కప్పుకొని నిలిచిన పురుషుని, ఒక్కొక్కరిని ఒక్కొక్క మనుష్యునిగా గీచెను. ఆ కాలపు పటములలో తఱచుగా కనబడునట్లు భూతములవలె గీయలేదు. తన యింటి పశువుల దొడ్డిని, పాలు పిదుకు ఆడువారిని గూడ నతడు చిత్రించెను. ఆ పటము పూర్తికాలేదు. పశువులు గలవారికి అది యేల పూర్తికాలేదో వివరింప నక్కఱలేదు. ఇంటివారు పొరుగింటికి చూడబోవుట నింకొక పటమున వ్రాసెను. ఆ కుటుంబము ఆనాడు చేసిన ప్రయాణములలో ఆదాయము తెచ్చినది ఇదియే యని మేము తలంతుము, లెక్కపుస్తకమునకు అది యెక్కకపోయినను.

అట్లు వచ్చిపోయిన పొరుగువారిలో క్యూక్లరొకడు. 1856లో అతడు పేట్రి మఱియొక సోదరిని వివాహమాడెను. ఆ సంవత్సరములలో టెక్సస్‌లో వానలు తప్పెను. ఈ నేల సేద్యమునకు తగినది కాదేమో, వచ్చినదే తప్పేమో యని జనము చింతించుచుండిరి. వానలెక్క వ్రాసిన పుస్తకము ఆ సీమలో లేదు. క్యూక్లరు నూరేండ్లకు పైబడిన ఓకు వృక్షములను కోయించి, మొదలుమీది వలయములను పరీక్షించెను. వృక్షము ఏటికొక వలయము పెట్టును. వాన కురిసినయేట వలయము వెడల్పుగను, కఱవుయేట సన్నముగను నుండును. బెరడునుండి లోనికి లెక్కపెట్టుకొని పోయినచో ఏ యేడు కఱవో, ఏ యేడు పంటయో తెలియును. ఇట్లు లెక్కించి, వచ్చినవి క్రొత్త కఱవులు కావనియు, ఆ నేల యిట్టివాటిని లోగడ చూచియున్నదనియు తెలిసికొని, 1859లో జర్మను వార్తాపత్రికలో ప్రకటించెను. చెట్టు వలయములతో వాతావరణ చరిత్రము కట్టినవారిలో అతడు మొదటివారిలో నొకడు. మేము ప్రదర్శన క్షేత్రములలో చాల పనిముట్లు చూపితిమి, కాని అధైర్యపడిన రైతునకు ఆ మ్రాని మొద్దుకన్న ఉపయుక్తమైన పనిముట్టు చూపితిమని చెప్పజాలము.

1857లో పేట్రి జ్వరపీడితుడై, సంధి ప్రేలాపనలో నదికి పోయి మునిగి చనిపోయెను. వయస్సు ముప్పది మూడు. పొలము లుంగ్‌క్విట్జు మీద పడెను. 1861లో టెక్సస్ అమెరికా సంయుక్త రాష్ట్రములనుండి వేఱుపడి, బానిసత్వము నిలుపగోరు రాష్ట్రములతో కలిసెను. జర్మను రైతులలో చాలమంది దాని కిష్టపడలేదు. క్యూక్లరు నూయేసెస్ నదివైపుగ మెక్సికోకు తప్పించుకొనిపోవు జర్మనులలో నుండెను. 1862 ఆగష్టు 10వ తేదీని సేనలు వారిపై పడి, గాయపడి చిక్కినవారిని సైతము చంపెను. అతడు ప్రాణముతో బయటపడి కొన్నియేండ్లు మెక్సికోలో గడపెను. లుంగ్‌క్విట్జు 1864లో శాన్ ఆంటోనియో నగరమునకు పోయి, తరువాత ఛాయాచిత్రముల వృత్తిచే బ్రతికెను. యుద్ధము ముగిసి, క్యూక్లరు తిరిగివచ్చి, 1870లో ఆ రాష్ట్రపు భూముల కచ్చేరికి అధికారియయ్యెను. వెంటనే పటములకు ప్రతులు తీయుటకు లుంగ్‌క్విట్జును ఛాయాచిత్రకారునిగా నియమించెను. బంధువునకు కొలువిచ్చినాడని పాఠకులు ముఖము చిట్లింపవచ్చును. మా సంఘ కచ్చేరిలో నట్లు జరిగినచో మేమే ముందు ఆక్షేపణ వ్రాయుదుము! ప్రభుత్వము మాఱగానే 1874లో ఆ కొలువు పోయినది కూడను. కాని మందకొడి పంటలనాడు ఒకరింట నొకరు భోజనము చేసినవారిని గుణదోషములు రెండును చూచి తూచవలెను.

ఒక్క విషయము దాచరాదు. మాట నిలుపుకొన్నది ఆ గ్రామము, ఆ రాష్ట్రము కాదు. టెక్సస్‌లో నిర్ణీత ప్రదేశములందుంచిన ఆదిమ జాతులవారిని 1859లో ఉత్తరమునకు వెడలగొట్టిరి. వారిలో కొమాంచీలును ఉండిరి. కొమాంచీల నేలయే లేనిదే చిత్రకారుల పొలము లేదు. జామీను వ్రాసిన పొరుగువానికి చివఱ కేమియు మిగులలేదు. పేట్రి పటములలో మాత్రమే వారు ఆ యూరిలో మిగిలిరి.

ఇది పరదేశపు కథ, మాకేమి యనవలదు. పైనచెప్పిన వలసవారు తీరమున చచ్చుచున్న 1846-47 చలికాలముననే, జర్మనీలో రైఫైజెను అను గ్రామాధికారి ఆకలిగొన్న పల్లెజనమునకు కలవారిచే ధనము వేయించి, రొట్టె అప్పుగా నిప్పించెను. 1864లో నతడు స్థాపించిన పరపతి సంఘమునకు పునాది ఒకరి కొకరు పూటపడుటయే. 1892లో మద్రాసు ప్రభుత్వము నియమించిన నికల్సను దొర ఆ సంఘములను పరిశీలించి, 1895లోను 1897లోను రెండు సంపుటముల నివేదిక వ్రాసి, మనకు రైఫైజెను వంటివాడు కావలెనని ముగించెను. 1904 సహకార పరపతి సంఘముల చట్టము ఆ త్రోవలోనిదే. కనుక ఆ పెద్దరైతు త్రోసిపుచ్చిన జామీను కాగితము కచ్చేరీ పుట్టించినది కాదు, ఆకలి పుట్టించినది.

జామీను వలన నష్టము లేదని మేమనము. వాయిదా ఎగగొట్టువానికి, లెక్క చూపనివానికి పూటపడవలదు. అట్టివానికి అప్పే యీయరాదు. ఆ ప్రభువుల సంఘము తీరున చూడని భూమికిని, ఎఱుగని మనుష్యునికిని ధనము కట్టుట మూర్ఖత. కాని మనమెఱిగినవాడు, మన గట్టునకు గట్టు గలవాడు, వానలేమిచేత నొక యేడు వెనుకబడినపుడు అతని మాటకు మన మాట తోడుచేయకున్నచో, పట్నపు వడ్డీవాడు తోడగును.

వచ్చు సమావేశమున ఆ పత్రము మరల చదువబడునని వింటిమి. పత్రము వ్రాసికొన్న రైతును మేమెఱుగుదుము. రెండేండ్ల క్రిందట ఆ పెద్దరైతు నూతిగోడ తొలకరివానకు కూలినపుడు, పిలువకయే ఎడ్లు తోలుకొనివచ్చి మూడు దినములు రాళ్ళు మోసినవాడతడే. ఆ మూడు దినములకు కూలి అడిగెనో లేదో పెద్దరైతుగారే సభలో చెప్పుదురుగాక.