గేరుబాక్సు మారిస్తే కారు చచ్చిపోదు

పాత కార్ల ప్రేమికుల్లో ఒక మడి ఉంది. రంగు మారిస్తే తప్పు, సీటు మారిస్తే తప్పు. గేరుబాక్సు మారిస్తే ఇక చెప్పక్కర్లేదు, కారు 'ఆత్మ' పోయిందంటారు. ఈ ఆత్మ అనే మాట సాహిత్యంలోనూ చాలాసార్లు విన్నాను. ఒక అనువాదం ఎందుకు నచ్చలేదో చెప్పలేనివాళ్ళు మూలంలోని ఆత్మ రాలేదంటారు. కార్ల దగ్గరా అంతే. కారణం అడిగితే ఆత్మ వస్తుంది.

ఈ గొడవ అసలు అమెరికాది. 1960ల చివర్లో వచ్చిన షెవెల్, మస్టాంగ్ లాంటి మజిల్ కార్లలో ఆటోమేటిక్ అంటే మామూలుగా మూడు గేర్లే. పై గేరులో ఇంజను ఒక చుట్టు తిరిగితే వెనక్కి పోయే షాఫ్టూ ఒకే చుట్టు తిరుగుతుంది. 1980ల్లో జనరల్ మోటార్స్ తెచ్చిన 700ఆర్‌4 బాక్సులో నాలుగో గేరు నిష్పత్తి 0.70. ఓవర్‌డ్రైవ్ అంటే ఇదే. అదే వేగంలో పాత బాక్సుకి నిమిషానికి 3000 చుట్లు కావాల్సినచోట దీనికి 2100 చాలు. మొదటి గేరు చూస్తే పాత టర్బో 400లో 2.48, ఇందులో 3.06. బయల్దేరేటప్పుడు బలమెక్కువ, పరిగెత్తేటప్పుడు ఆయాసం తక్కువ. అందుకే అక్కడ జనం ఇలాంటి బాక్సుల్ని పాత కార్లలో వేయించుకుంటారు, పక్కనుండి మడివాళ్ళు తిడుతూనే ఉంటారు.

పల్నాడులో మనకి మజిల్ కార్లు ఎక్కడివి? ఉన్నది అంబాసిడర్. నరసరావుపేటలో డాక్టర్లదీ, పత్తి వ్యాపారులదీ, ఎన్నికలొస్తే అందరిదీ. ఆ కారు చరిత్ర చూస్తే మడి వాదం మొదటి పేజీలోనే కూలిపోతుంది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అచ్చులోంచి పుట్టి, బెంగాల్లోని ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. మధ్యలో 1489 సీసీ పెట్రోలు ఇంజను వచ్చింది, డీజిల్ వచ్చింది. 1990ల మొదట్లో ఇసుజు 1.8 లీటర్ ఇంజనూ, దాంతోపాటు నాలుగు గేర్ల స్థానంలో అయిదు గేర్ల బాక్సూ వచ్చాయి. గుండె మార్చింది కంపెనీయే, కీళ్ళు మార్చిందీ కంపెనీయే. కంపెనీ మారిస్తే కొత్త మోడల్, మన ఊరి మెకానిక్ మారిస్తే అపచారం! ఇదెక్కడి న్యాయం?

రోడ్డు మాత్రం అలాగే ఉందా? నరసరావుపేట నుంచి హైదరాబాద్ పోవాలంటే ఇప్పుడు పిడుగురాళ్ళ, దాచేపల్లి, మిర్యాలగూడ మీదుగా నాలుగు వరుసల రోడ్డు. వెనక సిమెంటు లారీ హారన్ కొడుతుంటుంది. ఒంటి వరుస రోడ్డుకి సరిపోయిన గేర్లతో ఆ పాత ఇంజను అక్కడ గంటల తరబడి అరుస్తూ పోవాలి. దాన్ని అరిపించడం గౌరవమా?

మా బాబాయి దగ్గర తాతయ్య కొన్న అంబాసిడర్ ఉంది. గేరు స్టీరింగు పక్కనే, ముందు సీటు బల్లలా ఒకటే. బాబాయికి ఎడమ మోకాలు అరిగిపోయింది, క్లచ్ తొక్కలేడు. ఆటోమేటిక్ బాక్సు వేయిద్దామనుకున్నాడు. పాత కార్ల సంఘం పెద్దమనుషులు వచ్చి, "ఇది వారసత్వం, చెడగొట్టకండి" అని హితబోధ చేసి, ఫోటోలు దిగి వెళ్ళారు. రెండేళ్ళయింది. కారు టార్పాలిన్ కింద ఉంది. "తొక్కలేని కారు నాకెందుకురా, పటం కట్టించుకోడానికా?" అంటాడు బాబాయి. వారసత్వాన్ని కాపాడేశామని వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. వారసుడు ఆటోలో తిరుగుతున్నాడు.

ఈ కాపాడటానికి చట్టంలో కూడా ఒక రూపం ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. 50 ఏళ్ళు దాటాలి, ఛాసీ, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. ఆ నంబరు వచ్చాక రోజువారీ పనికి రోడ్డెక్కకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, మరమ్మతుకి పోవచ్చు. మ్యూజియం కారుకి అది సరైన నియమమే. అన్ని కార్లనీ ఆ గాజుపెట్టెలో పెడదామంటేనే నాకు కోపం.

వాళ్ళ వాదంలో బలమున్న మాట ఒకటుంది. ముట్టుకోని కారు ఒక సాక్ష్యం, ఒకసారి కోస్తే తిరిగి రాదు. నిజమే. ఒకటో రెండో మిగిలిన మోడల్‌ని ముట్టుకోవద్దు. మిగతావాటిని మార్చేటప్పుడు కూడా పద్ధతి ఉండాలి. ఛాసీ కోయొద్దు, బోల్టులతో బిగించండి. షాఫ్టు కురచ చేయాల్సొస్తే పాతది దాచి, ఇంకోటి చేయించండి. తీసిన బాక్సుకి గ్రీజు రాసి అటక మీద పెట్టండి. ఏది, ఎప్పుడు, ఎవరు మార్చారో పుస్తకంలో రాయండి. అమ్మేటప్పుడు ఒరిజినల్ అని అబద్ధమాడకండి. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది, ఆర్టీవో ఆఫీసులో అడక్కుండా పానా పట్టొద్దు. తప్పు మార్చడంలో లేదు, మార్చి దాచడంలో ఉంది.

ఈ సంగతి పల్నాడుకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పల్నాటి వీరుల కథ ఇక్కడ ఏళ్ళ తరబడి నోటి మీద నడిచింది. పాడే మనిషిని బట్టి, వినే ఊరిని బట్టి కథ కాస్త మారుతుంది. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో 'ఒరిజినల్ పాఠం పాడితేనే వింటాం' అని ఎవరూ కూర్చోరు. జీన్ రోఘైర్ ఆ కథని ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో అచ్చువేసినప్పుడు, అది అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠమని చెప్పాడు. ఒక గొంతుని నమోదు చేశాడు, మిగతా గొంతుల్ని మూయించలేదు. పండితుడు చేయాల్సిన పని అంతే. కార్ల పండితులు కూడా అంతవరకే చేస్తే బాగుంటుంది.

కదలడానికి చేసిన వస్తువు కదలకపోవడమే అన్నిటికంటే పెద్ద మార్పు. ఆ మార్పు మీద మడివాళ్ళకి ఇంతవరకూ అభ్యంతరం రాలేదు.