పళ్ళు లేని నోటికీ పరీక్ష కావాలి

"మా ఇంట్లో పాచిపని చేసే మామ్మకు అరవై అయిదు దాటాయి. పళ్ళు నాలుగో అయిదో మిగిలాయి. రెండు నెలలుగా కారం తగిలితే నోరు మంటంటోంది. బి కాంప్లెక్సు మాత్రలు కొనిచ్చినా తగ్గలేదు. ఏం వాడమంటారు?" అని సాలూరు నుంచి ఒక సోదరి రాశారు. ఉత్తరం చివర, అంత ముఖ్యం కాదన్నట్టు, "ఆమె అడ్డపొగ తాగుతుంది" అని చేర్చారు.

సోదరీ, మీరు చివర రాసిన ఆ ముక్కే మొదట రాయవలసింది. మాత్రలతో ఇంకా కాలం గడపకండి. ఈ వారంలోనే ఆమె నోరు డాక్టరుకు చూపించండి.

అడ్డపొగ అంటే ఏమిటో ఉత్తరాంధ్ర వారికి చెప్పనక్కరలేదు. తక్కిన పాఠకుల కోసం చెబుతున్నాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని పొగ పీల్చడం. గాలి వీచినా ఆరదు, చేతులు పనిలో ఉన్నా ఇబ్బంది లేదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. అందుకే ఇది ముఖ్యంగా కాయకష్టం చేసుకునే ఆడవాళ్ళలో పాతుకుపోయింది. తల్లిని చూసి కూతురు నేర్చుకుంది. పంటినొప్పికి మందని మొదలుపెట్టిన వాళ్ళూ ఉన్నారు.

నిప్పు సెగ, పొగాకు విషం, రెండూ నేరుగా తగిలేది అంగిలికి. దీనికీ అంగిలి క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని మన వైద్యులు 1957లోనే రాశారు. 1971లో ప్రచురించిన ఒక పరిశోధన కోసం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు చూశారు. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారే! సాలూరు కూడా అప్పట్లో ఆ జిల్లాలోదే. ఇప్పుడు అలవాటు తగ్గింది. కాని ఏళ్ళ తరబడి సెగ తిన్న నోళ్ళు మన మధ్య ఇంకా ఉన్నాయి.

ఈ జబ్బులో మోసమంతా నొప్పి లేకపోవడంలో ఉంది. మొదట అంగిలి తెల్లబడుతుంది, మధ్య మధ్య ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. తరువాత గరుకుదనం, బొడిపెలు. ఎర్రని మచ్చగాని, రెండు వారాలు దాటినా మానని పుండుగాని ఉంటే మరింత అనుమానించాలి. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేగాని అది క్యాన్సరో కాదో తేలదు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని భయపెట్టేవారి మాట వినకండి.

"పళ్ళే పోయాక పళ్ళ డాక్టరెందుకు?" అని చాలా ఇళ్ళలో అనుకుంటారు. చదువుకున్న వాళ్ళూ అంటారు, అదే నా బాధ. పళ్ళు ఊడటం వయసు వల్ల కాదు. చిగుళ్ళ జబ్బు, పుప్పిపళ్ళు, పొగాకు, అదుపులో లేని చక్కెర జబ్బు కారణాలు. నమలలేని మనిషి గంజికీ చోడంబలికీ దిగుతుంది, కూరలూ పప్పులూ తగ్గుతాయి, ఒళ్ళు నీరసిస్తుంది. కొండమీద పల్లె నుంచి దిగి ఆసుపత్రికి రావాలంటే ఆరోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు, తోడు మనిషి కావాలి. నొప్పి లేనిదానికి ఇంత ఎవరు చేస్తారు? పాపం, నొప్పి వచ్చాక వస్తారు. అందుచేత ఆరోజు మామ్మ జీతం కొయ్యకండి, తోడు వెళ్ళండి.

ఇంట్లోనూ చూడవచ్చు. నోరు పుక్కిలించి, కట్టుడుపళ్ళుంటే తీయించి, వెలుతురులో తల వెనక్కి వాల్పించి, టార్చి వేసి అంగిలి చూడండి. ఏమీ కనిపించకపోయినా డాక్టరుకు చూపడం మానకండి.

చుట్ట లాక్కొని పారేస్తే లాభం లేదు, దాచుకొని తాగుతుంది. మానిన కొత్తలో చిరాకు, నిద్రలేమి ఉంటాయని ముందే చెప్పండి. చుట్ట తిప్పి మామూలుగా కాల్చినా క్షేమం కాదు. 1977 నుంచి శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో పొగాకు వాడేవారిని పదేళ్ళపాటు ఏటా చూస్తూ నచ్చజెప్పారు. మానినవారిలో నోటి మచ్చలు కొత్తగా రావడం తగ్గింది. అరవై అయిదేళ్ళకు మానినా ఆలస్యం కాదు.

ముందు సాలూరు ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. అక్కడివారు పంపితే విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్ళండి. రేషను కార్డు, ఆధారు కార్డు వెంట ఉంచుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ చికిత్స ఉంది. డాక్టరు ముందు ఆమె సిగ్గుపడి అడ్డపొగ మాట ఎత్తకపోవచ్చు. ఎన్నేళ్ళుగా, రోజుకు ఎన్ని చుట్టలో ముందే అడిగి తెలుసుకొని, మీరే చెప్పండి.